గోండి వాచకం ప్రెస్సుకెళ్లేదాకా: నా అనుభవం

ఒకటో తరగతి గోండు పిల్లల కోసం హైదరాబాద్‌లో గోండి వాచకం తయారుచేయాలంటే మొదట తేల్చుకోవాల్సింది లిపి. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి ఊరు కేంద్రంగా గోండుల చదువు మొదలుపెట్టినప్పుడు వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. ఆ తర్వాత ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండుల సొంత లిపిలో రాతప్రతులు బయటపడ్డాయి. అందుకే పై వరసలో గుంజాల లిపి, దాని కింద తెలుగు లిపిలో అదే గోండి మాట పెట్టాం. గోండి రాని టీచరు కూడా చదివి వినిపించగలగాలి కదా. పైగా గుంజాల లిపిలో ఎ-ఏ, ఒ-ఓలకు విడివిడి అక్షరాల్లేవు. పొట్టి పలుకో పొడుగు పలుకో కింది వరసే చెప్పాలి.

ఈ అక్షరమాల య, వ, బ, భ, మ, క అంటూ నడుస్తుంది. దాన్ని తెలుగు వరసలోకి మార్చేద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. యకు యేర్ (నీళ్లు), మకు మీన్ (చేప): ఇంట్లో వినే మాటలతోనే పాఠం మొదలవ్వాలి.

బొమ్మల దగ్గర గట్టిగా ఉండాలి. సిటీ ఆర్టిస్టుకు వదిలేస్తే ఆకులు కట్టుకున్న మనుషుల్ని గీసేస్తారు. గుస్సాడి అంటే దీపావళి వేళ గోండులు చేసుకునే దండారి పండగలో ఆడే వేషగాడు. ఆ బొమ్మకు దండారి ఫొటోలు ముందు పెట్టుకోవాలి. నెమలి ఈకల టోపీ, దానికి కొమ్ములు, ఒంటికి బూడిద, చేతిలో కర్ర. వీటిలో ఏది తప్పినా పిల్లలే పట్టేస్తారు. సగల (గోండుల వంశ శాఖల) కథలు, వాళ్ల పెద్ద దేవుడు పెర్సపేన్ పూజ సంగతులు మాత్రం రాయి సెంటర్‌లో (గోండు పెద్దల పంచాయితీలో) ఊరి పెద్ద పటేల్, పూజారి కటోడా వింటుండగా చదివి, సరేనంటేనే పుస్తకంలోకి రావాలి. ఇందులో తొందర పనికిరాదు. వద్దన్న పాఠం ఎంత బాగున్నా తీసేయాల్సిందే.

ఇక డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడం. గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రపంచ ప్రమాణంలో) చేరింది. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, చిక్కడపల్లి వైపు చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. అందులో యూనికోడ్ పేస్ట్ చేస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలొస్తాయి. ఈ లిపి కోడ్‌లు 11డీ60 నుంచి మొదలయ్యే ఐదంకెలవి, పాత సాఫ్ట్‌వేర్‌కు అందవు. ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో పేజీలు కట్టి, ఫాంట్లు ఫైల్లోనే ఇమిడ్చిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ ఇస్తే గొడవ ఉండదు. ప్రూఫ్ కూడా వాట్సాప్‌లో టెక్స్ట్‌గా పంపొద్దు, ఊళ్లో వాళ్ల ఫోన్లలో ఫాంటు లేకపోతే ఒక్క అక్షరం కనపడదు. ప్రింటు తీసి పంపితే పెన్నుతో దిద్దిస్తారు.

అక్షరాలు 28 పాయింట్లకు తగ్గకూడదు. సెంటర్ పిన్నింగ్ (కాగితాలు మడిచి మధ్యలో పిన్ను కొట్టడం) కాబట్టి పేజీలు నాలుగు చొప్పున లెక్కకు రావాలి. మేం 32 పేజీలకు కుదించాం. లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) మ్యాప్‌లిథో కాగితం వాడండి, అంతకన్నా పల్చనైతే నల్లటి బొమ్మలు వెనక పేజీకి కనిపిస్తాయి. అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, లామినేషన్. మొత్తం అచ్చుకు ముందు ఒక డమ్మీ (నమూనా పుస్తకం) కుట్టించి, ఊళ్లో పిల్లలతో గట్టిగా చదివించి, వాళ్లు ఆగిన చోటల్లా గుర్తుపెట్టి దిద్దాకే ప్రెస్సుకు ఓకే చెప్పాలి.