శాసనసభకు వెళ్ళిన పిల్లల వైద్యుడు

2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చడానికి వెళ్ళినప్పుడు, బడి కార్యాలయంలోని ఉద్యోగిని టీకాల పసుపు కార్డు మీద వేలు ఆనించి, తట్టు టీకా రెండు మోతాదుల తేదీలనూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్న తరువాతే దరఖాస్తు తీసుకున్నారు.

ఆ తనిఖీ వెనుక అప్పటి కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్, వృత్తిరీత్యా పిల్లల వైద్యుడైన రిచర్డ్ పాన్ పట్టుదల ఉంది. 2014 డిసెంబరులో డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు రాష్ట్రంలో 130 మందికి పైగా సోకింది. అమెరికాలో ఏడాది నిండని పసికందులకు సాధారణంగా ఈ టీకా వేయరు. క్యాన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలకు వేయకూడదు కూడా. కాబట్టి వారిని కాపాడేది చుట్టూ ఉన్నవారి టీకాలే. వ్యక్తిగత నమ్మకాల పేరుతో బడి పిల్లలకు ఇచ్చే మినహాయింపును రద్దు చేస్తూ పాన్, తోటి సెనేటర్ బెన్ అలెన్‌తో కలిసి తెచ్చిన ఎస్‌బీ 277 బిల్లుకు పిల్లల వైద్యుల సంఘం అండగా నిలిచింది. 2015 జూన్ 30న గవర్నర్ జెర్రీ బ్రౌన్ దానిపై సంతకం చేశారు. 2014లో దాదాపు 90 శాతంగా ఉన్న కిండర్‌గార్టెన్ టీకాల స్థాయి రెండేళ్ళలో 95 దాటింది.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆయన ధైర్యం. వైద్యపరమైన మినహాయింపుల దుర్వినియోగాన్ని అరికట్టే బిల్లును 2019లో తెచ్చినప్పుడు, ఒక నిరసనకారుడు ఆయనను నడివీధిలో వెనుక నుంచి నెట్టాడు. అయినా ఆయన వెనుదీయలేదు. ఆ సెప్టెంబరులోనే అది చట్టమైంది.