ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ అడిగిన ప్రశ్న

“ముక్కు మూసుకుపోతే ఎవరూ చావరమ్మా” అన్నాడు అంతకుముందు నేను చూపించుకున్న డాక్టర్, టార్చి వేసి లోపలికి చూడనైనా చూడకుండా. ముక్కులో చుక్కల మందు రాసి పంపించేశాడు. ఆ చుక్కలు కొద్ది రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుందని చెప్పలేదు. అప్పటికే నాకు ఏ వాసనా తెలిసేది కాదు. రాత్రంతా నోటితో ఊపిరి పీల్చి, పొద్దున లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. ఆస్తమాకు ఇన్‌హేలర్ ఇచ్చే డాక్టర్ వేరు. ముక్కునీ ఆయాసాన్నీ కలిపి చూసినవాళ్ళే లేరు.

ఒక రాత్రి తల పగిలిపోతుంటే ఐబూప్రోఫెన్ మాత్ర వేసుకున్నాను. గంట తిరక్కుండానే ముక్కు ధారగా కారడం మొదలైంది, కళ్ళు ఎర్రబడ్డాయి, ఛాతీ బిగుసుకుపోయింది. మంచం అంచున కూర్చుని మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగితేనే కాస్త గాలి ఆడుతోంది. “ఇన్‌హేలర్” అనబోతే “ఇన్...” దగ్గరే ఊపిరి అయిపోయింది. మా ఆయన దీపం వేసి నీలంగా మారిన నా గోళ్ళు చూసి, ఒక్క మాట మాట్లాడకుండా నన్ను లేపి బయటికి నడిపించారు. ఆయన చెయ్యి వణకడం నా భుజానికి తెలుస్తూనే ఉంది. ఆ నిమిషంలో దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఇంకో ఊపిరి.

ఎమర్జెన్సీలో ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్లు. కాస్త తెరిపిన పడ్డాక డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అడిగింది: “ఇందాక ఏం మాత్ర వేసుకున్నారమ్మా? ముక్కులో కండ పెరిగిందని ఎవరైనా చెప్పారా?” అన్నాళ్ళలో ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడిగింది ఆమె ఒక్కతే. ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

ముక్కులో పాలిప్స్ (ఆమె అడిగిన ఆ కండ), ఆస్తమా, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలు పడకపోవడం, ఈ మూడూ కొందరిలో కలిసే వస్తాయి. 1968లోనే శామ్టర్, బీర్స్ అనే వైద్యులు దీన్ని వివరంగా రాశారు. అంత పాత సంగతి నన్ను చూసినవాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. “జలుబుకే ఇంత టెన్షనా” అన్న మా చుట్టాల మీద కూడా కోపం పోలేదు.

తర్వాత ఈఎన్‌టీ డాక్టర్ ఎండోస్కోపీ చేస్తూ తెర మీద చూపించారు. రెండు వైపులా బూడిదరంగు గుత్తులు, తడిగా మెరుస్తూ. ఇవి క్యాన్సర్ కాదనీ, లోపలి పొర ఏళ్ళ తరబడి వాచి ఉబ్బి అలా జారుతుందనీ ఓపిగ్గా చెప్పారు. సీటీ స్కాన్, కొన్నాళ్ళు స్టెరాయిడ్ మాత్రలు, ఆపైన ఆపరేషన్ వరసగా జరిగిపోయాయి. ఆపరేషన్ తర్వాత ఒకరోజు ముఖం కడుక్కుంటుంటే సబ్బు వాసన తగిలింది. కుళాయి కట్టకుండా అక్కడే నిలబడి ఏడ్చేశాను.

ఆపరేషన్‌తో అయిపోయిందని ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మానేయకండి, పాలిప్స్ మళ్ళీ పెరగొచ్చు. తల కొంచెం వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టుకోవాలి. మందు మధ్య గోడకి కాక బయటి వైపుకి తగలాలి. గుణం కనపడడానికి వారాలు పడుతుంది. ఉప్పునీటితో కడుక్కునేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళో, డిస్టిల్డ్ వాటరో వాడండి, కుళాయి నీళ్ళు నేరుగా వద్దు. ఒక్క వైపే మూసుకుపోయినా, రక్తం పడినా పాలిప్ అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోండి. ఆస్తమా ఉంటే ఏ నొప్పి మాత్రకైనా ముందు డాక్టర్‌ని అడగండి. నాకు పడని మందుల పేర్లు రాసిన కాగితం నా పర్సులోనూ ఉంది, మా ఆయన జేబులోనూ ఉంది.

మొన్నటి చెకప్‌లో ఎడమ వైపు కాస్త వాపు కనిపించింది. స్ప్రేతో తగ్గకపోతే డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉందట, పాలిప్స్‌కు దాన్ని అమెరికాలో 2019లో ఆమోదించారు. దేవుడి దయవల్ల ఇప్పటికైతే అంతవరకూ రాలేదు, వాసన నిలిచే ఉంది.