టీడీఎస్ బానే ఉంది కదా సార్, ఇంకేంటి?

మొన్న మే నెలలో ఒక పాత డంపింగ్ యార్డ్ చుట్టూ, చెత్త ప్రభావం భూగర్భజలాల్లోకి దిగిందా చూడ్డానికి, నాలుగు రోజులు బోరు నీళ్ళు పట్టుకుంటూ తిరిగాను. హైదరాబాద్ శివార్లలోనే, ఏరియా పేరు మాత్రం చెప్పను, అక్కడ ప్లాట్లు కొనుక్కున్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కొడతారు. చెత్త వెయ్యడం ఆపేసి చాలా ఏళ్ళయింది, పైన ఎర్రమట్టి పోసి గడ్డి పెంచారు, తెలియనివాళ్ళు చూస్తే చిన్న గుట్ట అనుకుంటారు, కాకపోతే వాన కోసిన చోటల్లా పాలిథిన్ కవర్ల చివర్లు బయటికొచ్చి రెపరెపలాడుతుంటాయి.

ఏ ఇంటికెళ్ళినా ఒకటే సీన్. పెన్నులాంటి టీడీఎస్ (నీళ్ళలో కరిగున్న లవణాల మొత్తం) మీటర్ తెచ్చి గ్లాసులో ముంచి "ఫోర్ ఎయిటీ సార్, ఫైవ్ హండ్రెడ్ లోపే కదా" అంటారు. నిజమే, తాగేనీళ్ళకి మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ 10500లో టీడీఎస్ లిమిట్ లీటరుకి 500 మిల్లీగ్రాములు అనే ఉంది. కానీ ఆ మీటర్ చూసేది నీళ్ళలోంచి కరెంట్ ఎంత పారుతుందో అదొక్కటే. అదే స్టాండర్డ్‌లో సీసానికి (లెడ్) లిమిట్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము, దానికి పదింతలున్నా ఆ మీటర్లో అంకె కదలదు. ఆర్వో అమ్మేవాళ్ళు నేర్పిపోయిన చదువు ఇది, మనం ఒక్కరోజులో మార్చలేం.

గుట్టకి దిగువన ఒక ముసలామె మాత్రం మీటర్ జోలికే పోలేదు. "పొద్దుగాల పట్టినప్పుడు తెల్లగనే ఉంటయ్ సారూ, మాపటికి ఎర్రగైతయ్, అన్నం గుడ పచ్చగైతది" అంది. ల్యాబ్ రిపోర్టులో నాలుగు పేజీలకి సరిపడా విషయం ఆ ఒక్క మాటలో ఉంది. చెత్త కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా అయిపోతుంది, అప్పుడు మట్టిలో, రాళ్ళలో మామూలుగా గమ్మున పడుండే ఇనుము కూడా కరిగి నీళ్ళతో పాటు కదులుతుంది, బకెట్లో గాలి తగలగానే తుప్పై కిందకి దిగుతుంది. అంటే ఆ ఇనుము చెత్తలోదే కానక్కర్లేదు, దాన్ని కదిలించింది మాత్రం చెత్త అయ్యుండొచ్చు. అందుకే మెటల్స్ కోసం పట్టే సీసాలో అక్కడికక్కడే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేస్తాం, లేకపోతే ల్యాబ్‌కి వెళ్ళేసరికి ఇనుమంతా అడుక్కి పోయి రిపోర్ట్ శుభ్రంగా వచ్చేస్తుంది.

అయ్యుండొచ్చు అని ఎందుకంటున్నానంటే, ఆ కాలనీలో డ్రైనేజీ లేదు, ఇంటికో సెప్టిక్ ట్యాంక్. క్లోరైడ్, నైట్రేట్ దాన్నుంచీ వస్తాయి. గుట్టనే తప్పు పట్టాలంటే ముందు గుట్టకి ఎగువన, చెత్త ప్రభావం లేని బోరు నీళ్ళు చూడాలి, పోల్చుకోడానికి అదే దిక్కు. చెత్త దగ్గర్లో ఆక్సిజన్ ఉండదు కాబట్టి నత్రజని ఎక్కువగా అమ్మోనియాగానే ఉండిపోతుంది, దూరం వెళ్ళాక నైట్రేట్ అవుతుంది, సో రెండూ కలిపి చూస్తే కొంత క్లూ దొరుకుతుంది.

ఎగువన సరైన బోరు ఒకటే ఉంది, అదీ రెండేళ్ళుగా వాడట్లేదు. నిలవ నీళ్ళు పట్టుకుంటే లాభం లేదు, బోరులో ఉన్న నీళ్ళకి మూడింతలు తోడి పారబోసి అప్పుడు పట్టాలి. ఆరున్నర అంగుళాల బోరులో 200 అడుగుల నీళ్ళుంటే దాదాపు 1300 లీటర్లు, మూడింతలంటే నాలుగు వేలకి దగ్గర. మే నెలలో! ట్యాంకర్ కొనుక్కుంటున్న మనిషి ముందు నాలుగు వేల లీటర్లు రోడ్డు మీదకి వదులుతానంటే ఏమంటాడు, "మీకేమన్నా పిచ్చా" అని తాళం వేసేసుకున్నాడు. ఆయన తప్పేం లేదు.

ఇంకో తలనొప్పి మన బండ. ఇక్కడ పైన మొరం, కింద గ్రానైట్, నీళ్ళు పోయేది పగుళ్ళలోంచే. పక్కింటి బోరు బాగుంటే మనదీ బాగున్నట్టు కాదు, మీ బోరుకి తగిలిన పగులు గుట్ట వైపు పోయిందా ఇంకోవైపు పోయిందా అన్నదే లెక్క. రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంట్ పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలవడం, చేస్తే చెత్త రసం ఉన్నచోట కరెంట్ తేలిగ్గా పారి అంకె పడిపోతుంది, కానీ బంకమట్టి ఉన్నా అలాగే పడిపోతుంది, చివరికి బోరు వేసి చూడాల్సిందే.

హైదరాబాద్ చెత్తంతా పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్‌లో పాత చెత్త మీద క్యాప్ (పైన కప్పే పొర) వేశారు కదా, ఇంకేం భయం అని ఒకాయన అడిగాడు. క్యాప్ వాన నీళ్ళు పైనుంచి లోపలికి దిగకుండా ఆపుతుంది, మంచిదే. కానీ ఆ పాత గుట్టల అడుగున చెత్త రసం నేలలోకి దిగకుండా ఆపే లైనర్ లేదు, దిగినది దిగినట్టే, పక్కనున్న మల్కారం చెరువు నీళ్ళ రంగు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

వానలయ్యాక రెండో రౌండ్ ఉంది, అప్పుడు నీళ్ళ మట్టం పెరిగి కథ మారొచ్చు. ఎగువ బోరాయనకి ఫోన్ చేశాను, చెరువు నిండితే తాళం ఇస్తానన్నాడు, తోడిన నీళ్ళు వాళ్ళ మామిడి చెట్లకి పెట్టాలట. ఆ చెట్లు ఆరంటే ఆరే ఉన్నాయి, 4000 లీటర్లు ఎక్కడ పోస్తాడో నాకు అర్థం కావట్లేదు.