పాత క్యారవాన్ ట్రైలర్ కొన్నాం

విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు వెనక, కారుకి తగిలించి లాక్కెళ్లే ఆ చక్రాల ఇంటిని చూడగానే మనసు పారేసుకున్నాను. అయినా ముందు దాని లోపలి నేలనే చూశాను. కిటికీ కింద ప్లైవుడ్‌ని బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. అంటే వాన నీళ్లు ఎప్పటి నుంచో కారుతున్నాయి. ఆ మూల మొత్తం మార్పించాకే మిగతా డబ్బు ఇచ్చాను.

టైర్ల గ్రిప్పు బాగానే ఉంది. కానీ పక్కన 1214 అని ఉంది, అంటే 2014లో పన్నెండో వారం తయారీ. అరగకపోయినా రబ్బరు పాతబడిపోతుంది. కొత్తవి వేయించాను.

లాగేటప్పుడు అసలు పనల్లా సామాను సర్దడమే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కువైతే ట్రైలర్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది. గుంటూరు హైవే మీద లారీ పక్కనుంచి దూసుకెళ్లినా మాది ఊగలేదు. నీళ్ల డబ్బాలు, బియ్యం మూట ఇరుసుకి కాస్త ముందుగా పెట్టాం మరి. మా ఆవిడకి టెన్షన్ తగ్గింది. వచ్చే వారం సూర్యలంక వెళ్తున్నాం.