పుస్తకాన్ని వెనక నుంచి తెరిచే మాస్టారు

లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎంచేటప్పుడు మా మాస్టారు మమ్మల్నీ కూర్చోబెట్టుకునేవారు. "చదివేది మీరు, ఎంచేది నేనొక్కణ్ణేనా?" అనేవారు. మేమేమో బొమ్మలు బాగున్నవీ, బరువుగా ఉన్నవీ తెచ్చి బల్ల మీద పేర్చేవాళ్లం. ఆయన అట్ట వైపైనా చూడకుండా చివరి పేజీలు తిప్పేవారు. అక్కడ అకారాది క్రమంలో పదసూచిక లేకపోతే పక్కన పెట్టేయడమే. 500 పేజీల పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ ఎక్కడుందో మొదటి నుంచీ వెతుక్కోవాల్సి వస్తే, అది చదువుకోవడానికి పనికొస్తుందేమో గానీ రిఫరెన్సుకు కాదని ఆయన లెక్క.

తర్వాత ప్రచురణ వివరాల పేజీ. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేశారు కదా. ఆ మరుసటి ఏడాది ముద్రించిన ఖగోళ పుస్తకమొకటి తళతళలాడుతూ మా చేతికొచ్చింది. లోపల గ్రహాలు తొమ్మిదే! మాస్టారు చిన్న అక్షరాల మీద వేలు పెట్టారు. తొలి ముద్రణ ఎప్పటిదో, ఆ తర్వాతవన్నీ పునర్ముద్రణలే. 'సవరించిన కూర్పు' అన్న మాటే లేదు. అచ్చు కొత్తది, సరుకు పాతది.

ఇప్పుడు నా పిల్లలకు కొనేటప్పుడూ అవే పేజీలు తిప్పుతాను, అడిగే ప్రశ్నలే మారాయి. 2011లో ఏర్పడ్డ దక్షిణ సూడాన్ పటంలో విడిగా ఉందా? ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 మూలకాలకు 2016లో పెట్టిన పేర్లు చేరాయా?

మాస్టారి అసలు పరీక్ష మాత్రం వేరు. మనకు బాగా తెలిసిన విషయమే తీసి చదవమనేవారు. తెలియని చోట పుస్తకం ఏం చెప్పినా తలూపుతాం, తెలిసిన చోటే దాని గుట్టు బయటపడుతుంది. అట్లాసు దొరికితే నేను ముందు గ్రీన్‌లాండ్, ఆఫ్రికాలు చూసేది అందుకే. గుండ్రటి భూమిని చదునుగా పరిచి చూపే మెర్కేటర్ పద్ధతి పటంలో రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. అలా గీయడం తప్పు కాదు, ఓడ నడిపేవాళ్లకు దిక్కులు సరిగ్గా దొరకాలని ఆ పద్ధతి. ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా చెప్పని అట్లాసును నేను కొనను. 'వెయ్యి వింతలు' తరహా పుస్తకాలూ అంతే. వింత ఉంటుంది, అదెందుకలా అన్నది ఉండదు.

ఈ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మన బడి లైబ్రరీకి పుస్తకాలివ్వాలనుకుంటున్న మిత్రులకో మనవి. ఇంట్లో అడ్డుగా ఉన్న పాత గైడ్లు తేకండి, పిల్లలకేం కావాలో ముందు అడగండి. పాత అట్లాసులు మాత్రం తీసుకురండి. సోవియట్ యూనియన్ ఒకే రంగులో ఉన్న పటం చరిత్ర చదివేవాళ్లకు కావాలి. అట్ట మీద సంవత్సరం పెద్దగా రాసి, వేరే అరలో పెట్టిస్తే సరి.