నున్వన్‌లో వాన ఆగేదాకా

జమ్మూలోని భగవతీనగర్ నుంచి తెల్లారకముందే బయల్దేరిన అమర్‌నాథ్ యాత్రికుల కాన్వాయ్ పహల్గాం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడవునా మలుపు మలుపుకీ జవాన్లు. మా బస్సులు పోయేదాకా లోకల్ బండ్లన్నీ ఆపేశారు. ఆపిల్ తోటలు, అక్రోటు చెట్లు చూసుకుంటూ వచ్చి, ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా దిగాం. అదే నున్వన్ బేస్ క్యాంపు. ఒకవైపు లిద్దర్ నది, ఇంకోవైపు కొండ, మధ్యలో ఎటు చూసినా టెంట్లే. అది 2023 జూలై, అమర్‌నాథ్ యాత్ర మొదలై వారం అవుతోంది.

ఆ రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే చందన్‌వాడీ పోవాలి. అక్కడి నుంచి నడక: పిస్సూ టాప్, శేష్‌నాగ్, పంచతరణి, గుహ. కానీ పైన వాన పట్టుకుంది. యాత్ర ఆపేశామని మైకులో చెప్పారు. కొందరు గొణిగారు గానీ నాకు కోపం రాలేదు. అంతకుముందు ఏడాదే, 2022 జూలై 8న, గుహ దగ్గర ఒక్కసారిగా వరద వచ్చి టెంట్లు, లంగర్లు (యాత్రికులకు ఉచితంగా భోజనం పెట్టే శిబిరాలు) కొట్టుకుపోయాయి, పదిహేను మందికి పైగా చనిపోయారు. ఆపినవాళ్లకు దండం పెట్టాలి.

అయితే ఆపడం అంటే ఏమిటో సాయంత్రానికి అర్థమైంది. పైకి పోవాల్సినవాళ్లు కదలలేదు, వెనక నుంచి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మా టెంట్‌లో అక్క, బావ, నేను, ఇందోర్ కుటుంబం ఒకటి, హర్యానా పెద్దాయన ఒకరు. చీకటి పడ్డాక ఇంకో ముగ్గుర్ని తెచ్చి మంచాల మధ్య నేల మీద పరుపులు వేశారు. ఎవరైనా లేచి బయటికి పోవాలంటే మిగతావాళ్లు కాళ్లు ముడుచుకోవాలి. రగ్గులు తడి వాసన. ఎత్తు 7,000 అడుగులే అయినా, మన వరంగల్ ఎండల నుంచి పోయినవాళ్లకు ఆ చలి చాలు. రాత్రంతా నది హోరు, దానికి పోటీగా హర్యానా పెద్దాయన గురక. వాన తగ్గిందా లేదా అని చెవితో తెలుసుకునే వీల్లేదు, చెయ్యి బయటపెట్టి చూడాల్సిందే.

పిస్సూ టాప్ ఎక్కడం కష్టమని అందరూ రాస్తారు. నన్నడిగితే నున్వన్‌లో పొద్దున నాలుగింటికి బాత్రూం లైను అంతకన్నా కష్టం. బురదలో, టార్చి పట్టుకుని, చెంబుతో. వేడినీళ్ల బకెట్ డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు గానీ అది మన చేతికి వచ్చేసరికి గోరువెచ్చన. ఆడవాళ్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ. చీరతో నడవొద్దని యాత్ర సూచనల్లో ముందే రాసి ఉంది. అక్క పెళ్లయ్యాక మొదటిసారి పంజాబీ డ్రెస్ వేసుకుంది. "ఊళ్లో ఎవరికీ ఫొటోలు పంపకురా" అని నాతో ఒట్టు వేయించుకుంది. పంపుదామన్నా కుదరదు, మన దగ్గర కొన్న ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. బావది పోస్ట్‌పెయిడ్. దాంతో టెంట్ మొత్తానికి ఆయనే టెలిఫోన్ ఆఫీసు.

తిండికి మాత్రం లోటు లేదు. "భూఖే కో అన్న, ప్యాసే కో పానీ, జై బాబా బర్ఫానీ" అని అరుస్తూ లంగర్ల వాళ్లు దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టుకుని మరీ లోపలికి లాగుతారు. పంజాబ్, హర్యానా, ఢిల్లీ వాళ్లవి ఎక్కువ. పేరు అక్కర్లేదు, అందరినీ శివుడి పేరుతో భోలే అనే పిలుస్తారు. అంత ప్రేమగా పెట్టే చోట కూడా పూరీ, దోశ, పచ్చడి దొరకవు, ఎత్తైన చోట్ల ఒంటికి పడవని యాత్ర నడిపే ష్రైన్ బోర్డు నిషేధించింది. ఆ జాబితా సంగతి తెలిశాక అక్క తన సంచిలోని ఆవకాయ ప్యాకెట్‌ను స్వెటర్ కిందికి జరిపింది. నిషేధం లంగర్లకే, మనకు కాదని చెప్పినా వినలేదు. రాత్రి రాజ్మా అన్నంలో దొంగచాటుగా కలుపుకుంటుంటే ఇందోర్ ఆవిడ వాసన పట్టేసింది. ప్యాకెట్ సగమైంది.

టెంట్ యజమాని ఆ చుట్టుపక్కల పల్లె ముస్లిం. ఏటా ఈ రెండు నెలల సంపాదనే తమకు ముఖ్యమన్నాడు. గుర్రాలు, పల్లకీలు, టెంట్లు నడిపేది చాలావరకు వాళ్లే. అక్క మాట్లాడే వరంగల్ హిందీకి తెగ నవ్వేవాడు. "నక్కో భాయ్, ఔర్ ఏక్ రగ్గు హోనా" అంటే రెండు తెచ్చి ఇచ్చాడు.

వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు మెడలో కార్డులు వేసుకుని పహల్గాం దాకా నడిచాం. అక్కడ వేరే లోకం. హోటళ్లు, శాలువాల దుకాణాలు, గుర్రమెక్కి ఫొటోలు దిగే కొత్త జంటలు. మేం తలమీద చల్లుకుని వచ్చిన లిద్దర్‌లోనే ట్రౌట్ చేపలు పట్టడానికి, రాఫ్టింగ్‌కీ జనం వస్తారట. బజార్లో కహ్వా అనే కశ్మీరీ టీ తాగి నది దాటి మామలేశ్వర్ గుడికి పోయాం. చిన్న రాతి గుడి, ముందు ఊట నీటితో నిండే చతురస్రపు గుండం. పన్నెండో శతాబ్దంలో జయసింహుడనే రాజు దీని శిఖరానికి బంగారు కలశం పెట్టించాడని చెబుతారు. మేం వెళ్లినప్పుడు పట్టుమని పదిమంది లేరు. కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన చోటు దొరికి ఎంతసేపైందో, అక్క లేవనంది. పార్వతికి అమరకథ చెప్పడానికి పోతూ శివుడు నందిని పహల్గాంలోనే వదిలేశాడని కథ. "ఆయనకూ ఇక్కడ టెంటే ఇచ్చుంటారు" అన్నాడు బావ. గుళ్లో ఆ జోకులేంటని అక్క కసిరింది.

దర్శనం గురించి రాయను, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. గుహ లోపల నిలబడింది ఎంతసేపో కూడా గుర్తులేదు. టెంట్ ముఖాలే ఎక్కువ గుర్తున్నాయి.

మైకులో "చందన్‌వాడీ జానేవాలే" అన్న మాట వినపడేసరికి ఇంకా చీకటే. క్యాంపంతా ఒకేసారి లేచింది. తడి సాక్సులు ఎవరివి ఎవరు వేసుకున్నారో తెలియదు. మేం మంచాల మీంచి సంచులు తీస్తుండగానే రాత్రి నేల మీద పడుకున్నవాళ్లు పైకి చేరిపోయారు. సుమోలో ఇరుక్కుని పదహారు కిలోమీటర్లు. గేటు దగ్గర మెడలో కార్డు స్కాన్ చేసి బీప్ మనగానే, నడిచే పోతానన్న బావ గుర్రంవాడితో బేరం మొదలుపెట్టాడు. రేట్లు బోర్డు మీద రాసే ఉన్నాయి.