షుగరు బోర్డర్‌లో ఉందన్నారు

నాలుగేళ్ల క్రితం, నలభై మూడో ఏట, ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో నా హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చింది. గడచిన రెండు మూడు నెలల్లో రక్తంలోని చక్కెర సగటున ఎంత ఉందో తెలిపే ఈ పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. డాక్టరు గారు "బోర్డర్‌లో ఉంది, అన్నం తగ్గించండి" అన్నారు. ఆ మాట నిజమే కాని, అందులో సగమే ఉందని నాకు తరువాత అర్థమైంది.

మాది కృష్ణా డెల్టాలో వరి పండే ఊరు. మా నాన్నగారు పొద్దున చద్దన్నం తిని పొలానికి వెళ్లేవారు, మధ్యాహ్నం, రాత్రి కూడా అన్నమే తినేవారు. డెబ్బై దాటినా ఆయనకు షుగరు రాలేదు. ఆయన పోయాక, పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి పట్నం వచ్చిన అమ్మకు మాత్రం రెండేళ్లలో వచ్చింది. ఒక్క ఇంటి సంగతితో ఏదీ రుజువు కాదు. అయితే పనిచేస్తున్న కండరాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకుంటాయనీ, గంటల తరబడి కూర్చున్నవారిలో ఆ అవకాశం తగ్గిపోతుందనీ తెలిశాక, మా ఇంట్లో మారినది అన్నం కంటే ఒంటికి ఉండే పని అని నాకు అనిపించింది. పైగా మన దేశపువారికి పెద్దగా లావు లేకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరి ఈ జబ్బు వస్తుంది; అందుకే మనకు నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టారు. నా బరువు 68 కిలోలే అయినా, నడుము 96 ఉంది.

ఇక తిండి సంగతి. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు పీచు కూడా పోతుంది కనుక, ఆ అన్నం త్వరగా అరిగి చక్కెరను వేగంగా పెంచుతుంది. మన కంచంలో అన్నం కొండంత, పప్పూ కూరా నంజుకునేంత ఉండటం ఇంకో చిక్కు. రాత్రిపూట అన్నం మానేసి నాలుగైదు చపాతీలు తినేవారిని చాలామందిని చూశాను, నేనూ కొన్నాళ్లు అదే చేశాను. గోధుమపిండిలోనూ ప్రధానంగా ఉండేది పిండిపదార్థమే. కొర్రలైనా అంతే, అదే కొలతకు తింటే మేలు తక్కువ. ఇప్పుడు నేను ముందు కూరా పప్పూ వడ్డించుకుని, అన్నం ఒక కప్పుతో ఆపుతున్నాను.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ముందు దశలో ఉన్న 531 మందిని సుమారు రెండున్నరేళ్లు పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మందికి మధుమేహం రాగా, రోజూ నడిచి, తిండి సరిచేసుకున్నవారిలో 39 శాతం మందికి వచ్చింది; మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలోనూ దాదాపు అంతే మేలు కనిపించింది. ఈ అంకెల్లో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. నడకకు, మితమైన తిండికి ఒక మందుతో సమానమైన బలం ఉంది. అయినా అవన్నీ చేసినవారిలో నూటికి దాదాపు నలభై మందికి జబ్బు వచ్చింది. వంశం, వయసు మన చేతిలో లేవు, తగ్గించుకోగలిగింది ముప్పును మాత్రమే. "తిండి అదుపులో లేక తెచ్చుకున్నారు" అని రోగులను నిందించే బంధువులకు ఈ రెండో సంగతి తెలియాలని నా కోరిక, ఎందుకంటే మా అమ్మ చాలాకాలం ఆ మాటే నమ్మి, మందు వేసుకోవడానికి కూడా సిగ్గుపడేది.

ఇప్పుడు రాత్రి భోజనం కాగానే ఇద్దరం కలిసి వీధి చివరి వరకు రెండుసార్లు నడిచి వస్తున్నాం. కిందటి నెల నా పరీక్షలో 5.8 వచ్చింది. అమ్మ మాత్రలు మానలేదు, మానవలసిన అవసరమూ లేదని డాక్టరు గారు ఆమెకు కూర్చోబెట్టి చెప్పారు.